వియత్నాం పండగల మాటలు ఎలా నేర్చుకోవాలి? తెత్‌తో మొదలుపెట్టండి

పండగల పేర్లన్నీ జాబితాగా రాసుకుని బట్టీ పడితే వారం తిరక్కుండానే సగం మర్చిపోతాం. అందుకే ఒక్క పండగ పట్టుకుని, అందులో ఏ రోజు ఏం చేస్తారో ఆ వరసలోనే మాటలు నేర్చుకోండి. దానికి తెత్‌ని మించింది లేదు. చాంద్రమానం ప్రకారం అది వాళ్ల కొత్త సంవత్సరం, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది.

ముందు చెవికి పని చెప్పండి. హనోయ్ యాసలో ఆరు స్వరాలుంటాయి, అంటే గొంతు ఎత్తి దించే తీరులు, స్వరం మారితే మాటే మారిపోతుంది, తెలుగు లిపిలో అది కనిపించదు. కాబట్టి పక్కనే వాళ్ల స్పెల్లింగు కూడా గుర్తులతో సహా రాసి, ఆడియో వింటూ పైకి పలకండి.

ఇక క్యాలెండరు. చాంద్రమానం పన్నెండో నెల 23న వంటింటి దేవుడు ఓంగ్ తావ్ కార్ప్ చేప మీద పైలోకానికి వెళ్లి ఇంటి సంగతులన్నీ చెప్తాడట. తర్వాత జిగురు బియ్యం, పెసరపప్పు, పంది మాంసం ఆకుల్లో చతురస్రంగా చుట్టి గంటల తరబడి ఉడికించే బాఞ్ చుంగ్. పాత ఏడాది పోయి కొత్తది వచ్చే అర్ధరాత్రి జావ్ థుఅ. ఆ తర్వాత మొదట గడప తొక్కినవాళ్లని బట్టి ఇంటి అదృష్టం ఉంటుందని నమ్మకం, దాన్ని సోంగ్ దత్ అంటారు. పిల్లలకి ఎర్ర కవర్లో పెట్టి ఇచ్చే డబ్బు లీ సీ.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎనిమిదో నెల పౌర్ణమికి తినే మూన్ కేక్ బాఞ్ చుంగ్ థు. తెలుగులో రాస్తే రెండు చుంగ్‌లూ ఒకటే, కానీ తెత్ వంటకానికి పెదవులు సాగదీసి పలకాలి, మూన్ కేక్‌కి గుండ్రంగా చుట్టి చివర్లో మూసెయ్యాలి. అద్దం ముందు నిలబడి రెండూ మార్చిమార్చి అనండి, తేడా దొరుకుతుంది.

తర్వాత శుభాకాంక్షలు. చుక్ ముంగ్ నమ్ మోయ్ ఎవరికైనా చెప్పొచ్చు, కానీ నిజంగా దగ్గర చేసేది చుట్టరికపు వరస కలిపి చెప్పడమే. తాతయ్య, నాయనమ్మలతో మాట్లాడేటప్పుడు 'నేను' బదులు మనవడు, మనవరాలు అనే అర్థమొచ్చే చౌ వాడతారు: చౌ చుక్ ఓంగ్ బా మాఞ్ ఖ్వే, అంటే తాతయ్య, నాయనమ్మ ఆరోగ్యంగా ఉండాలని. వరసలతో పిలుచుకోవడం మనకి అలవాటే కాబట్టి ఇది తొందరగానే వస్తుంది.

తెత్ పట్టుబడ్డాక జో నేర్చుకోండి. అది మన తద్దినం లాంటిది, చనిపోయిన పెద్దలకి ఏటా ఇంట్లో చేస్తారు. ఒక్కో ఇంట్లో ఒక్కో తేదీన వస్తుంది, అందుకే ఏడాది పొడవునా ఆ మాటతో పని పడుతుంది.