క్రిస్మస్ పార్టీ ఎందుకు చప్పబడింది? ముందు గోడ మీద క్యాలెండర్ చూడండి

ఏటా డిసెంబర్ ఆఖరి వారంలో నాకు రెండు మూడు ఫోన్లు తప్పవు. "అంతా బాగానే ప్లాన్ చేశామండీ, అయినా ఎందుకో తేలిపోయింది" అని మొదలుపెడతారు. బెంగళూరులో, మారతహళ్లి వైపు మా అపార్ట్‌మెంట్‌లోనూ ఆఫీసులోనూ తొమ్మిదేళ్లుగా ఈ క్రిస్మస్ పార్టీలు నా నెత్తినే పడుతున్నాయి. స్టార్ ఎలా కట్టాలో, రస్సెల్ మార్కెట్ దగ్గర బేరం ఎలా ఆడాలో ఇక్కడ చెప్పను, అవి మీకు వచ్చు. ఏది ఎందుకు చెడుతుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో మాత్రమే చెబుతాను.

సమస్య: వస్తామన్నవాళ్లు రాలేదు

కారణం: మీరు అడగాల్సిన ప్రశ్న అడగలేదు. "పార్టీకి వస్తావా?" అంటే మనవాళ్లెవరూ మొహం మీద రానని చెప్పరు. గ్రూపులో ఓ బొటనవేలు బొమ్మ పెట్టేస్తారు. దాన్ని ప్లేటు లెక్కలో వేసుకున్నారంటే మీ డబ్బులు పోయినట్టే.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది (2024 నవంబర్ 1కి ముందు 120 రోజులుండేది). డిసెంబర్ 22న శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ పోయేవాడు అక్టోబర్ ఆఖర్లోనే బెర్తు పట్టేసి ఉంటాడు. అంటే మీరు పార్టీ మాట ఎత్తేనాటికే వాడు రాడన్నది తేలిపోయింది, మీకు తెలియదంతే.

పరిష్కారం: "ఊరికి టికెట్ ఏ తేదీకి?" అని అడగండి. దీనికి ఎవరూ మొహమాటపడరు, ఠక్కున చెబుతారు. ఆ తర్వాత తలకింత అని ముందే ఫోన్‌పేలో వేయించుకోండి. డబ్బు వేసినవాడే లెక్క.

సమస్య: అందరూ వచ్చారు, తిండి మాత్రం డేగిసాలో అలాగే ఉండిపోయింది

ఫోన్లలో సగం దీని గురించే. కేటరింగ్ అతన్ని తిడతారు, ఉప్పు తగ్గిందంటారు, బిర్యానీ చల్లారిపోయిందంటారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: "ఏ వారం పెట్టుకున్నారు?" అటువైపు కాసేపు చప్పుడుండదు. ఆ తర్వాత, "శనివారం".

నేనూ అలా దెబ్బతిన్నవాణ్నే. 2023లో క్రిస్మస్ సోమవారం వచ్చింది. దాని ముందు శనివారం, డిసెంబర్ 23, ఆఫీసు లేదు, ఊళ్లకి పోయేవాళ్లు పోగా మిగిలిన నలభై అయిదు మందీ ఖాళీ. ఇంతకన్నా మంచి రోజేముందని క్లబ్‌హౌస్ బుక్ చేసేశాను. శనివారం వెంకటేశ్వర స్వామివారి రోజు, కొందరు నాన్‌వెజ్ ముట్టరని నాకు తెలియక కాదు. అందుకే తెలివిగా వెజ్ పులావు కూడా చెప్పాను. అయిదు కిలోల బియ్యానికి చికెన్ దమ్, రెండు కిలోలకి పులావు. నా లెక్కకి నేనే మురిసిపోయాను.

సాయంత్రం ఏడింటికి మా పైఫ్లోర్ పిన్నిగారు పేపర్ ప్లేటు పట్టుకుని టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. బిర్యానీ దాటారు. పులావు దాటారు. అలంకరణకని బుట్టలో పేర్చిన ద్రాక్షపళ్లలోంచి ఓ నాలుగు, పక్కన రెండు ఖర్జూరాలు తీసుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. నేను పులావు గరిటె పట్టుకుని వెంటపడితే, "ఇవాళ ముక్కోటి కదా నాన్నా, అన్నం తినను" అన్నారు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చుట్టూ చూస్తే ఆవిడ ఒక్కరే కాదు. పొద్దున్నే వయ్యాలికావల్ గుడిలో వరసలో నిలబడి వచ్చినవాళ్లు డజను మంది దాకా ఉన్నారు. ఉత్తర ద్వార దర్శనం అయ్యాక ఉపవాసం ఉన్నవాళ్లు కొందరు, అన్నం మాత్రం మానేసినవాళ్లు కొందరు. వాళ్లు కాక మామూలు శనివారం వాళ్లు. చికెన్ తిన్నవాళ్లని లెక్కపెడితే పద్దెనిమిది మంది. రాత్రి పదిన్నరకి సెక్యూరిటీవాళ్లకీ హౌస్‌కీపింగ్ అమ్మాయిలకీ డబ్బాల్లో సర్ది పంపాను. వాళ్లు సంతోషించారు, నా పర్సు కాదు.

కారణం ఇక్కడుంది. ఆఫీసు ఫారంలో "వెజ్ / నాన్‌వెజ్" అని ఒక గడి ఉంటుంది, ప్రతివాడూ ఏదో ఒకటి నొక్కుతాడు. మనవాళ్లలో మాత్రం అది మనిషిని బట్టి కాదు, వారాన్ని బట్టీ తిథిని బట్టీ మారుతుంది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం బాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. నాన్‌వెజ్ అని నిజాయితీగా నొక్కినవాడే మీ పార్టీ రోజున పెరుగన్నం వెతుక్కుంటాడు. అబద్ధం చెప్పలేదు పాపం, మీరే రోజు చెప్పి అడగలేదు.

డిసెంబర్‌లో దీనికి తోడు ఇంకా ఉన్నాయి. ధనుర్మాసం 16వ తేదీ ప్రాంతంలో మొదలవుతుంది. మార్గశిర గురువారాలు లక్ష్మీవారాలు, వ్రతం పట్టిన ఇల్లాలు ఆ రోజు గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వదు. అధికమాసం వచ్చిన ఏడాదైతే కార్తీకమే డిసెంబర్ రెండో వారం దాకా సాగుతుంది. 2023లో అంతే, 12వ తేదీ దాకా కార్తీకమే. "ముందే పెట్టేసుకుందాం, రష్ ఉండదు" అని డిసెంబర్ మొదటి వారంలో పార్టీ పెట్టినవాళ్లు ఆ ఏడాది నాకన్నా ముందే మునిగారు.

ముక్కోటి సంగతి ఇంకా గమ్మత్తు. ధనుర్మాసంలో వచ్చే శుద్ధ ఏకాదశి కాబట్టి ఓసారి డిసెంబర్‌లో, ఓసారి జనవరిలో పడుతుంది. 2024లో అసలు రానే లేదు. 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబర్ 30న ఇంకొకటి వచ్చాయి. 2026లో డిసెంబర్ 20న, అదీ ఆదివారం. ఆదివారం కదా అని ధీమాగా బుక్ చేసేవాళ్లు కాస్త ఆగండి. పోయినేడు కుదిరిన తేదీ ఈ ఏడు కుదురుతుందని నమ్మకండి.

ఇక అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు. మండలం నవంబర్ మధ్యలో మొదలై 41 రోజులు, డిసెంబర్ 26, 27 దాకా నడుస్తుంది. అంటే క్రిస్మస్ పార్టీ ఏ రోజు పెట్టినా ఒకరో ఇద్దరో స్వాములు ఉంటారు. బయటి వంట ముట్టరు. మా టీమ్‌లో ఏటా క్రిస్మస్ తాత వేషం వేసే కుర్రాడు ఆ ఏడాది మాలలో ఉన్నాడు. నల్లబట్టల మీద ఎర్రకోటు వేసుకోమని ఎలా అంటాం? ఆఖరి నిమిషంలో ఆ కోటు నాకు ఎక్కించారు, పొట్ట దగ్గర దిండు అక్కర్లేదని నవ్వారు కూడా.

పరిష్కారం: క్లబ్‌హౌస్‌కి ఫోన్ చేసేముందు తెలుగు క్యాలెండర్ తియ్యండి. ఇంట్లో గోడ మీద వేలాడుతూనే ఉంటుంది, మనం గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకోవడానికి తప్ప వాడం. ఏకాదశి ఉందా, కార్తీకం దాటిందా, ఆ గురువారం మార్గశిరమా, ఇంతే చూడాల్సింది. నిమిషం పని. ఆఫీసు పార్టీకైతే బుధవారం సాయంత్రం పెట్టండి, ఏ దేవుడికీ అభ్యంతరం లేనట్టుంది ఆ వారానికి. స్నేహితుల పార్టీకైతే ఆదివారం మధ్యాహ్నం. ఫారంలో గడి మార్చి, "ఆ రోజు మీరు ఏం తింటారు?" అని తేదీ వారంతో సహా అడగండి. జవాబులు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

తేదీ ముందే ఖాయమైపోయి, మార్చే వీల్లేదా? అయితే చికెన్ సగానికి కోసేయండి. పులావు పెంచకండి, నేను చేసిన తప్పు అదే. దాని బదులు అన్నం కానివి పెట్టండి. ఉప్మా, గుగ్గిళ్లు, ఉడకబెట్టిన చిలగడదుంపలు (డిసెంబర్‌లో ఇక్కడ మార్కెట్ నిండా అవే), పళ్లు. కటిక ఉపవాసం ఉన్నవాళ్లకి పళ్లు, పాలు చాలు. వేరే బల్ల, వేరే గరిటెలు. స్వాములకి కొయ్యని పళ్లు ఇచ్చి, పేరు పెట్టి కాకుండా "స్వామీ" అని పిలవండి, అదే మర్యాద.

సమస్య: కేక్ కోశారు, చప్పట్లు కొట్టారు, ఎవరూ తినలేదు

ఇది పైదాని చిన్న చెల్లెలు. ప్లమ్ కేక్‌లో పళ్లని వారాల తరబడి రమ్‌లో నానబెడతారు, పైగా గుడ్డు. (ప్లమ్ అన్నది పేరుకే, పూర్వం ఇంగ్లిష్‌వాళ్లు ఎండు ద్రాక్షని అలా అనేవాళ్లు.) ఒక ఏడాది మా కేక్‌ని మాలలో ఉన్న స్వామి ముట్టలేదు, పాస్టరుగారి అమ్మాయీ ముట్టలేదు. ఇద్దరూ రమ్ వాసన చూసే వెనక్కి తగ్గారు.

పరిష్కారం: రమ్ లేనిది, గుడ్డు లేనిది ఒకటి వేరుగా తెప్పించండి. బెంగళూరులో వీధికో అయ్యంగార్ బేకరీ ఉండగా ఇదో కష్టమా? గుడ్డు లేదని నోటితో అడిగి నిర్ధారించుకోండి. రెండు కేకులకి రెండు కత్తులు. ఒకే కత్తితో కోస్తే రెండోది తెప్పించినా తెప్పించనట్టే.

సమస్య: ఎవరి పండగో వాళ్లే లేరు

ఇది జరిగిందంటే మాత్రం సిగ్గుపడాలి. టీమ్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు క్రైస్తవ మిత్రులని అడక్కుండా వాళ్ల పండగ చేస్తాం. డిసెంబర్ వాళ్లకి ఊపిరాడని నెల. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు చర్చిలో ప్రత్యేకం, మధ్యలో సెమీ క్రిస్మస్ కార్యక్రమాలు, పాటల ప్రాక్టీసు, రాత్రిళ్లు ఇంటింటికీ క్యారల్స్, 24 అర్ధరాత్రి ఆరాధన. మీ పార్టీ సాయంత్రమే ఆ మిత్రుడు గిటార్ పట్టుకుని ఏ కె.ఆర్.పురం సందులోనో పాడుతూ ఉంటాడు.

పరిష్కారం: తేదీ అడగాల్సిన మొదటి మనిషి అతనే, ఆ తర్వాతే క్యాలెండర్. ఆదివారమైతే చర్చి అయ్యాక, ఒంటిగంటన్నర దాటాక పెట్టండి. ఇంకో మాట. వాళ్లలో చాలామంది మందు ముట్టరు. వాళ్ల పండగ పేరు చెప్పి మనం సీసాలు తెరిచి, వాళ్లని ఓ మూల కూల్‌డ్రింక్‌తో కూర్చోబెట్టడం నేను రెండుచోట్ల చూశాను. బాగుండదు.

సమస్య: సీక్రెట్ శాంటాలో ఒకరికి గిఫ్ట్ రాలేదు

ఆ ఒకరి పేరున్న చీటీ తీసి గుట్టుగా గిఫ్ట్ తేవాల్సినవాడు ఆ రోజు రాలేదు, అంతే. గిఫ్ట్‌లు ముందురోజే ఒక అట్టపెట్టెలో పడాలని చెప్పండి. మీ దగ్గర రెండు అదనంగా ఉంచుకోండి. "500 లోపు" అనకండి, నలభై రూపాయల పెన్నూ 500 లోపే. "300 నుంచి 500" అనండి.

సమస్య: కరెంటు పోయింది

సీరియల్ లైట్లని అనుమానించకండి, ఎల్‌ఈడీలు తినేది చాలా తక్కువ. ఎవరో బిర్యానీ వేడి చేద్దామని 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ని స్పీకరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోనే గుచ్చి ఉంటారు. 6 ఆంపియర్ల ప్లగ్ మోసేది దాదాపు 1,380 వాట్లు. స్టవ్‌ని పెద్ద పవర్ ప్లగ్‌కి మార్చి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే బోర్డులోని స్విచ్) పైకి లేపండి.

సమస్య: పోలీసులు వచ్చారు

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఏడున్నరకి మొదలుపెట్టి పదికల్లా ముగుస్తుందనుకోవడమే తప్పు. అయిదున్నరకి మొదలుపెట్టండి. అప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఇళ్లకి పోవాల్సినవాళ్లు మధ్యలో చెప్పులు వెతుక్కోవడం కూడా తగ్గుతుంది.

మిగతావన్నీ అరుదు. టెర్రస్ మీద చలి అంటారా, రాత్రి పదహారు డిగ్రీలకి దిగుతుంది, లోపల పెట్టుకోండి. వాన, బెంగళూరులో ఆ వారాల్లో ఎప్పుడో కానీ రాదు. చెట్టు పడిపోయిందా, అడుగున రెండు ఇటుకలు పెట్టండి. క్రిస్మస్ తాతని చూసి పసిపిల్లలు ఏడ్చారా, ఏడుస్తారు, గడ్డం తీసి మొహం చూపించండి. మా చిన్నది ఆ రోజు నన్నే గుర్తుపట్టలేదు.