జపనీస్‌లో ‘పడుకుంటాను’ అని తప్పు లేకుండా చెప్పడం ఎలా?

కావలసినవి ఒక నోటుబుక్కు, పెన్ను. మాటలన్నీ తెలుగు లిపిలోనే రాసుకోవాలి, ఇంగ్లిష్ అక్షరాల్లో వద్దు. ఎ, ఏలకూ ఒ, ఓలకూ జపనీస్‌లో తేడా ఉంది. మన లిపిలో ఆ తేడా కనిపిస్తుంది. పడుకోవడాన్ని ‘నెరు’ అంటారు. ఇంగ్లిష్‌లో రాసుకున్నవాళ్లు దాన్ని ‘నేరు’ అని సాగదీస్తారు.

1. మొదట, రాత్రి పడుకోబోతూ చెప్పే వీడ్కోలు. స్నేహితులకు ‘ఒయసుమి’, పెద్దవాళ్లకు ‘ఒయసుమినసయి’. సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు మాత్రం ఈ మాట వాడకండి. అక్కడ ‘ఒసకి ని షిత్సురెయి షిమసు’ అనాలి. మీకంటే ముందు వెళ్తున్నాను, ఏమీ అనుకోకండి అని దాని భావం.

2. ‘ఇక పడుకుంటాను’ అనడానికి ‘సొరొసొరొ నెమసు’. చివరి ‘సు’ దాదాపు ‘స్’లా పలుకుతుంది. స్నేహితులతో అయితే ‘సకి ని నెరు నె’, నేను ముందు పడుకుంటున్నా అని. ‘నెరిమసు’ అని మాత్రం అనకండి. పిండి పిసకడానికి ఇంకో ‘నెరు’ ఉంది, ఆ రూపం దానిది.

3. అందరూ బోల్తాపడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

‘నెరు’, ‘నెమురు’ రెండింటికీ ఇంగ్లిష్‌లో ‘స్లీప్’ అనే అర్థం ఇస్తారు. దాంతో రెండూ ఒకటే అనుకుంటారు. కావు. నెరు మనం చేసే పని: పక్క మీదికి చేరడం, పడుకోవడం. నెమురు నిద్రలో ఉండే స్థితి. తెలుగులో పడుకోవడం, నిద్రపోవడం అని మనకు రెండు మాటలున్నాయి కదా, వాటితోనే నేర్చుకోవాలి. మధ్యలోకి ఇంగ్లిష్‌ను తెచ్చుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే మన ‘పడుకున్నాడు’ లాగే ‘నెతె ఇరు’ అన్నా నిద్రలో ఉన్నాడనే అనుకుంటారు, అందులో తప్పు లేదు.

అసలు చిక్కు ‘లేదు’ దగ్గర వస్తుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి జపాన్‌లో ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు కళ్లు ఎర్రబడి ఆఫీసుకు వెళ్తే పైఅధికారి ఏమైందని అడిగారు. రాత్రి నిద్రపట్టలేదు అని చెప్పబోయి ‘నెమసెన్ దెషిత’ అన్నాడు. అంటే ‘నేను పడుకోలేదు’. కావాలని రాత్రంతా మేలుకున్నాడనుకుని ఆయన మందలించారు. అతను అనాల్సింది ‘నెమురెమసెన్ దెషిత’. స్నేహితులతో ‘నెమురెనకత్త’. పడుకోలేదు అంటే ‘నెనకత్త’, నిద్రపట్టలేదు అంటే ‘నెమురెనకత్త’. ఈ జంటను నోటికి వచ్చేదాకా బిగ్గరగా చదవండి. అది వచ్చాకే తర్వాతి మెట్టు.

ఇంకో జాగ్రత్త. స్నేహితుడి గదిలో పడుకున్నానని చెప్పాలంటే ‘తొమొదచి నొ హెయ దె నెత’. ‘తొమొదచి తొ నెత’ అంటే శారీరక సంబంధం అని అర్థం వచ్చే ప్రమాదం ఉంది. తెలుగులోనూ ఆ మాటతో అదే ఇబ్బంది, కాబట్టి గుర్తుంచుకోవడం కష్టం కాదు.

4. నిద్ర వస్తోంది అనడానికి ‘నెముయి దెసు’. నిన్నటి సంగతైతే ‘నెముకత్త దెసు’. ‘నెముయి దెషిత’ తప్పు.

5. పెద్దవాళ్లను ‘నెమసు క’ అని అడగడం మొరటుగా ఉంటుంది. ‘ఒయసుమి ని నరిమసు క’ అనండి, పడుకుంటారాండీ అన్నంత మర్యాద అందులో ఉంది.

ఎవరింట్లోనైనా అతిథిగా ఉంటే పొద్దున్నే ‘యొకు నెమురెమషిత క’ అంటారు, బాగా నిద్రపట్టిందా అని. ‘హయి, గుస్సురి నెమురెమషిత’ అనండి. గుస్సురి అంటే ఒళ్లు తెలియని నిద్ర.