షియాట్సు చేయించుకోవడం ఎలా? ఒళ్లు వదలడమే అసలు పని

షియాట్సు అంటే జపాన్ భాషలో వేలి ఒత్తిడి. పేరుకే వేలు. అరచేతులు, మోచేతులు, మోకాళ్లు కూడా వాడతారు. నూనె ఉండదు, బట్టలు విప్పక్కర్లేదు. మన మర్దనలా రుద్దరు. ఒకచోట నిటారుగా నొక్కి, ఆగి, వదిలి, పక్కకు జరుగుతారు. నూనె రాస్తే వేలు జారుతుంది. జారే వేలికి లోపలి బిగువు అందదు.

1. జపాన్‌లో అయితే ముందు లైసెన్సు చూడండి. మూడేళ్లు చదివి జాతీయ పరీక్ష పాసైతేనే 'అన్మా-మసాజ్-షియాట్సు' లైసెన్సు ఇస్తారు (అన్మా అంటే జపాన్ పాతకాలపు మర్దన). 'సెయితాయ్' (ఒళ్లు సరిచేయడం), 'రిలాక్సేషన్' బోర్డులున్న చవక దుకాణాల్లో అది ఉండాలన్న నియమం లేదు. ఏ పద్ధతో కూడా అడగండి. 1940లో టోక్యోలో శిక్షణ సంస్థ పెట్టిన నమికోషి తొకుజిరో పద్ధతిలో నొక్కాల్సిన బిందువుల వరస ముఖ్యం. మసునాగా షిజుతో అనే ఆయన రూపొందించిన జెన్ షియాట్సులో పొట్ట తాకి చూసి మొదలుపెడతారు. ఒక చెయ్యి కదలకుండా ఆని ఉంటుంది, రెండోది జరుగుతూ పోతుంది. మొదటిసారి వెళ్లేవారికి ఈ జెన్ పద్ధతే నయం.

2. వదులైన కాటన్ ఫుల్ ప్యాంటు, చేతులున్న చొక్కా. జీన్స్ వద్దు. గొలుసులు, బెల్టు తీసేయండి. పొట్ట కూడా నొక్కుతారు కాబట్టి రెండు గంటల ముందే భోజనం ముగించండి.

3. రక్తం పలచబడే మందులు, గుల్లబారిన ఎముకలు, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్, ఏదున్నా ముందే చెప్పండి. ఒక కాలు వాచి నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. నమికోషి పద్ధతిలో మెడ ముందువైపు కూడా తేలిగ్గా నొక్కుతారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు అక్కడే ఉన్నాయి. బీపీ ఉన్నా, వయసు మళ్లినా అక్కడ వద్దనండి.

4. నేల మీద ఫుటాన్ పరుపు ఉంటుంది. పడుకోండి. గంట పడుతుంది.

5. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. నొక్కే మనిషి కండబలం వాడరు, ఒంటి బరువు మెల్లగా వాలుస్తారు. ఒక్కో చోట మూడు నుంచి ఐదు సెకన్లు. బరువు దిగుతున్నప్పుడు మీరు ఊపిరి వదలాలి. బిగబడితే కండరం రాయవుతుంది, వేలు పైనే ఆగిపోతుంది. అప్పుడు "ఇంకా గట్టిగా" అంటారు! బిగిసిన కండ మీద బలం పెంచితే మర్నాడు ఒళ్లు పచ్చిపుండే. దీనికి జపాన్‌లో 'మొమికయేషి' అని పేరే ఉంది. గట్టిగా నొక్కితేనే డబ్బులు గిట్టాయనుకోవడం ఎక్కడ అలవాటైందో గాని, అది షియాట్సు కాదు.

మరి ఎంత నొప్పి ఉండాలి? 'ఇతా కిమోచీ ఈ' అంటారు: నొప్పే, కానీ హాయి. ముఖం చిట్లించకుండా, ఊపిరి తెగకుండా భరించగలిగినంత. సరిపోతే 'చోదో ఈ', ఎక్కువైతే 'త్సుయోయ్', నొప్పి పుడితే 'ఇతాయ్' అనండి. కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, తిమ్మిరి పాకినా నరం మీద పడిందని అర్థం. మర్యాద కోసం ఊరుకోవద్దు, వెంటనే ఆపించండి.

ఇంకో తప్పు, సాయం చేయడం. నొక్కేవాళ్లు మీ చెయ్యి ఎత్తబోతుంటే మీరే ఎత్తేస్తారు. ఆ చెయ్యి బరువంతా వాళ్ల చేతిలో పెట్టేయాలి. వాళ్లు వదిలాక మీ చెయ్యి గాల్లోనే నిలబడితే ఇంకా బిగబట్టే ఉన్నారన్నమాట. కబుర్లు కూడా ఆపండి. మాట్లాడుతూ ఊపిరి వరస పట్టడం ఎవరి వల్లా కాదు.

6. అయ్యాక వెంటనే లేవకండి. రెండు నిమిషాలాగి, పక్కకు ఒత్తిగిలి, చేతి మీద ఆని లేవండి. కళ్లు తిరిగేది ఇక్కడే. ఆ పూట మద్యం, వేడినీళ్ల తొట్టి స్నానం వద్దు. ఒకటి రెండు రోజులు కాస్త సలుపు మామూలే. అంతకు మించి ఉన్నా, కాలో చెయ్యో మొద్దుబారినా మళ్లీ నొక్కించుకోకండి, డాక్టరుకు చూపించండి.