పార్కు దగ్గర కాఫీ బండికి అనుమతి: నా అనుభవం

మా బావమరిది ఫిల్టర్ కాఫీ బండి మున్సిపల్ పార్కు గేటు దగ్గర పెడతాడు, పొద్దున వాకింగ్‌కి వచ్చేవాళ్లే గిరాకీ. తోపుడు బండి, ఒక స్టవ్, డికాక్షన్ క్యాన్, అంతే. వీధిలో అమ్ముకునేందుకు ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ ఉంది కదా అని అనుకుంటే మున్సిపల్ సిబ్బంది వచ్చి 'ఇక్కడ నిలబడకూడదు, కదులుతూ ఉండు' అని రోజూ టెన్షన్ పెట్టేవాళ్లు.

కాగితం తీసి చూస్తే విషయం తెలిసింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్టిఫికెట్‌లో ఒకచోట ఉండేవాళ్లు, తిరుగుతూ అమ్మేవాళ్లు అని వేర్వేరు కేటగిరీలు ఉంటాయి, ఇతనిది రెండోది. అందుకని కేటగిరీ మార్చమని, గేటు బయట పొద్దున పూట మాత్రమే చోటు ఇవ్వమని వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీకి అర్జీ పెట్టించాను, ఎందుకంటే వేళల వారీగా చోటు పంచుకునే పద్ధతి ఆ చట్టంలోనే ఉంది. కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో ఒకాయన్ని ముందే కలవడం బాగా పనిచేసింది. పార్కు లోపల మాత్రం అడగలేదు, అది వేరే అనుమతి, ఎక్కువగా టెండర్ వ్యవహారం, చిన్న బండికి అనవసరం.

అర్జీతో పాటు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కాపీ, బండి ఫోటో, నిలబెట్టే చోటు గీసిన స్కెచ్ జత చేశాం. ఇంటి గ్యాస్ సిలిండర్ తీసేసి 5 కిలోల కమర్షియల్‌ది పెట్టించాను, తనిఖీలో ముందు చూసేది దాన్నే.

ఒకవేళ సిబ్బంది సరుకు పట్టుకెళ్తే జాబితా రాసి ఇమ్మని అడగండి, ఇవ్వాలి. పాల లాంటి పాడైపోయే సరుకైతే విడిపించమని అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. చివరికి అర్జీ ఒప్పుకుని కమిటీ ఇచ్చిన కొత్త సర్టిఫికెట్‌ని మా బావమరిది లామినేట్ చేయించి బండికే కట్టాడు, ఇప్పుడు ఎవరొచ్చినా అదే చూపిస్తున్నాడు.