గుర్రం దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారా? ముందు దాని భయం తెలుసుకోండి

గుర్రం ఎక్కడం నేర్పే వీడియోలు బోలెడున్నాయి. ఎక్కడానికి ముందు ఓ పది నిమిషాలుంటాయి చూడండి, దాని దగ్గరికి నడిచి వెళ్లి, ముట్టుకుని, పక్కన నిలబడే పది నిమిషాలు, వాటి గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. నాకు ఇప్పటిదాకా తగిలిన గట్టి దెబ్బ ఆ పది నిమిషాల్లో తగిలిందే. గుర్రం పక్కన నిలబడి ఉన్నాను, చినుకు మొదలైంది, చేతిలో ఉన్న గొడుగు టప్పున తెరిచాను. అంతే. అది పక్కకి గెంతింది, ఆ గెంతడంలో డెక్క నా పాదం మీద పడింది. నలిగిన వేలి గోరు ఊడి మళ్లీ రావడానికి నెలలు పట్టింది, తప్పు గుర్రానిది కాదని ఒప్పుకోవడానికి ఇంకాస్త ఎక్కువే పట్టింది.

గుర్రం అనగానే మనకి యుద్ధాలు, రాజులు, దౌడు, పౌరుషం గుర్తొస్తాయి. అసలు సంగతి ఏంటంటే అది పిరికి జంతువు. తిట్టడానికి అనట్లేదు, దాని బతుకే అలాంటిది. సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందట దీని పూర్వీకులు కుక్కంత సైజులో, ముందు కాళ్లకి నాలుగేసి, వెనక కాళ్లకి మూడేసి వేళ్లతో అడవుల్లో తిరిగేవి. అడవి పోయి గడ్డి మైదానాలు పెరిగాక దాక్కోవడానికి చోటు లేదు, పరిగెత్తడం ఒక్కటే దారి. అలా మిగిలిన ఒక్క నడిమి వేలి గోరే ఇవాళ్టి డెక్క. కొమ్ముల్లేవు, కోరల్లేవు. అందుకే ముందు పరిగెత్తి, తర్వాత ఆలోచిస్తుంది. పిల్ల పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడేదీ అందుకే. పెద్దవి నిలబడే కునుకు తీస్తాయి, మోకాలి కీలుకి తాళం వేసినట్టు ఉండే ఏర్పాటు వాటి కాళ్లలో ఉంది. గాఢనిద్ర కావాలంటే మాత్రం పడుకోవాల్సిందే, అదీ చుట్టూ అంతా బాగుందని నమ్మకం కుదిరితేనే. కాబట్టి మీ మొదటి పని గుర్రాన్ని లొంగదీసుకోవడం కాదు, మీవల్ల దానికి ప్రమాదం లేదని దానికి తెలిసేలా చెయ్యడం.

ఈ విషయం పట్టుకున్నవాళ్లలో అందరికంటే పేరున్నది అలెగ్జాండర్. బ్యుసెఫలస్ అనే గుర్రాన్ని ఎవరూ ఎక్కలేకపోతుంటే, పన్నెండేళ్ల వయసు కుర్రాడు పక్కన నిలబడి చూశాడట, అది బెదురుతున్నది మనుషులకి కాదు, నేల మీద కదులుతున్న తన నీడకి. దాన్ని సూర్యుడి వైపు తిప్పాడు, నీడ వెనక్కి పోయింది, గుర్రం నెమ్మదించింది. ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాసిన కథ ఇది, ఎంతవరకు నిజమో వదిలేయండి, అందులోని పాఠం మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది. గుర్రం మొండికేస్తే అదిలించే ముందు అది ఎటు చూస్తోందో మీరూ అటు చూడండి. గాలికి ఎగిరే ప్లాస్టిక్ కవర్, నీటి గుంటలో మెరుపు, నిన్న లేని డ్రమ్ము, ఏదో ఒకటి దొరుకుతుంది.

సరే, ఎలా వెళ్లాలి? గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర దానికి కనిపిస్తుంది. ముఖ్యంగా కనిపించనివి రెండు చోట్లు, సరిగ్గా తోక వెనకా, సరిగ్గా నుదుటి ముందూ. మనం తెలియక వెళ్లేది ఆ రెండు చోట్లకే! ముద్దొచ్చి నుదురు నిమరబోతాం, లేదా వెనకనుంచి మెల్లిగా వెళ్లి ఆశ్చర్యపరుద్దాం అనుకుంటాం. రెండూ వద్దు. ఏటవాలుగా, దాని ఎడమ భుజం వైపు నడవండి. దూరం నుంచే ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లండి, ఏం మాట్లాడారన్నది ముఖ్యం కాదు, గొంతు మామూలుగా ఉండాలి. కళ్లలోకి గుచ్చి చూడొద్దు, వేటాడే జంతువు చూసే చూపు అదే. ఎర్ర బట్టలు వేసుకుంటే బెదురుతుందని కొందరు టెన్షన్ పడతారు, దానికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. రంగు కంటే రెపరెపలాడే చున్నీ గురించి ఆలోచించండి.

వెనకనుంచి దాటాల్సి వస్తే రెండే పద్ధతులు. ఒంటికి ఆనుకున్నట్టు నడుస్తూ, చెయ్యి దాని తుంటి మీదే ఉంచి, మాట్లాడుతూ దాటండి, దగ్గరగా ఉంటే తన్నుకి ఊపు రాదు. లేదా బాగా దూరం, కాలు అందనంత దూరం నుంచి చుట్టు తిరిగి వెళ్లండి. ఆ మధ్యలో ఉన్నదే చావు దెబ్బ తగిలే దూరం. ఆఫీసరు ముందుకీ గుర్రం వెనక్కీ పోవద్దని హిందీలో ఓ సామెత ఉంది. మొదటి సగం సంగతి మీ ఉద్యోగాన్ని బట్టి.

ఇప్పుడు చెవులు చూడండి. చెవులు మీ వైపు నిక్కి ఉంటే మిమ్మల్ని గమనిస్తోంది. పక్కలకి వాలి, కింది పెదవి వేలాడి, ఒక వెనక కాలు సగం ఎత్తి ఉంటే కునుకులో ఉంది, ముందు పిలిచి లేపండి. చెవులు వెనక్కి పోయి మెడకి అతుక్కుపోయాయంటే కోపం, అక్కడినుంచి కదలండి. రెండు చెవులు చెరో వైపు తిరిగితే అయోమయంలో ఏమీ లేదు, రెండు చోట్ల శబ్దాలు వింటోంది.

మీరు దాన్ని చదువుతున్నట్టే అది మిమ్మల్నీ చదువుతుంది, మీకంటే బాగా చదువుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద గోల. ఏడు, అయిదు కూడితే ఎంత అంటే నేల మీద డెక్కతో పన్నెండుసార్లు కొట్టి ఆగేది. మోసమేమీ దొరకలేదు. చివరికి ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే సైకాలజిస్ట్ అసలు గుట్టు పట్టుకున్నాడు. సరైన అంకె దగ్గరికి రాగానే ప్రశ్న అడిగినవాడి తల తనకి తెలియకుండానే ఓ పిసరు కదులుతోంది, గుర్రం దాన్ని చూసి ఆగుతోంది. అడిగినవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదు. దానికి లెక్కలు రావు కానీ మనుషులొచ్చు. కాబట్టి లోపల గుండె దడదడలాడుతూ పైకి నవ్వితే సరిపోదు. భయంగా ఉంటే ఆగి, భుజాలు వదులు చేసి, నెమ్మదిగా గాలి వదిలి, అప్పుడు వెళ్లండి.

దగ్గరికి వెళ్లాక చెయ్యి వెనక భాగం చాపి వాసన చూడనివ్వండి. తర్వాత ముట్టుకోవాల్సింది ముఖం కాదు, భుజం. అక్కడినుంచి మెడ మొదట్లో, జూలు ఆగిపోయే చోట, మూపు మీద వేళ్లతో గోకండి. రెండు గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది అక్కడే, అక్కడ గోకితే వాటి గుండె వేగం తగ్గుతుంది. టపటపా చరచడం సినిమాల్లో బాగుంటుంది, గుర్రానికి బాగుండదు. అది తల దించి, నోరు కదిలించి, ముక్కుతో బుస్సుమని గాలి వదిలిందంటే మీ పని సగం అయినట్టే.

తినడానికి ఏదైనా ఇవ్వాలంటే యజమానిని అడిగి, అరచెయ్యి పూర్తిగా చాచి, బొటనవేలు పక్కకి ఆనించి దాని మీద పెట్టండి. వేళ్లతో పట్టుకుని అందిస్తే మీ వేలికీ క్యారెట్‌కీ తేడా దానికి కనిపించదు, మూతి కింద ఏముందో అది చూడలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిన చెత్త అటునుంచే బయటికి పోవాలి, అందుకే కడుపునొప్పి దాని ప్రాణం మీదికి రావచ్చు. తోచిందల్లా పెట్టేయకండి.

నడిపించేటప్పుడు తాడుని చేతికి చుట్టుకోవద్దు. మళ్లీ చెప్తున్నా, చుట్టుకోవద్దు. మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకోండి, అది లాగితే వదిలేయగలగాలి. వేళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

ఒక చిన్న పక్కదారి, గుర్రం పేర్లలోకి. తురగం అంటే వేగంగా పోయేది. సైంధవం అంటే సింధు దేశపుది, మంచి గుర్రాలు ఎటునుంచి వచ్చేవో ఆ పేరే చెప్తుంది. బడబ అంటే ఆడగుర్రం, సముద్రం అడుగున గుర్రం మొహంతో మండుతూ ఉంటుందని చెప్పే బడబాగ్నికి ఆ పేరు అందుకే. పుట్టగానే గుర్రంలా సకిలించాడని ద్రోణుడి కొడుక్కి అశ్వత్థామ అని పేరు. మరో వింత, సుమారు 3,400 ఏళ్ల కిందట ఇప్పటి సిరియా ప్రాంతంలోని మితన్ని రాజ్యంవాడైన కిక్కులి అనే గుర్రాల శిక్షకుడు రథం గుర్రాలని తయారుచేసే పద్ధతిని రోజుల వారీగా మట్టి పలకల మీద రాయించాడు, అవి ఇప్పటి టర్కీలోని హత్తుసాలో దొరికాయి. అందులో ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే మాటలు చూడండి: ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న. ఏక, త్రి, పంచ! మనకి దొరికిన గుర్రాల శిక్షణ గైడ్లలో బాగా పాతది ఇదే, ఆ అంకెలు మనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఎక్కడం. హెల్మెట్ తప్పనిసరి, బూటుకి కొద్దిగా మడమ ఉండాలి, లేకపోతే కాలు రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టే వలయంలోంచి, ముందుకి దూరిపోతుంది, పడినప్పుడు ఈడ్చుకుపోతుంది. కడుపు కింద జీను బిగించే పట్టీ ఎక్కబోయే ముందు ఇంకోసారి చూసుకోండి, కొన్ని గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించి తర్వాత వదిలేస్తాయి. ఎడమ వైపునుంచి ఎక్కాలి. ఎందుకంటే కత్తి ఎడమ నడుముకి వేలాడేది, కుడివైపునుంచి ఎక్కితే కాళ్లకి అడ్డం. ఇవాళ కత్తి లేదు, అలవాటు మిగిలింది. ఎడమ కాలు రికాబులో పెట్టి, జూలు పట్టుకుని లేవండి, గుర్రం వీపు మీద ధబ్బున కూలబడకండి, నెమ్మదిగా దిగండి. అన్నట్టు రికాబు మనం అనుకున్నంత పాతది కాదు, చైనాలో జంట రికాబులు కనిపించేది నాలుగో శతాబ్దంలో. అలెగ్జాండర్ అంత దూరం వచ్చింది కాళ్లు గాల్లో వేలాడేసుకునే.

పగ్గాలు. గుర్రానికి ముందు పళ్లకీ వెనక పళ్లకీ మధ్య ఖాళీ చోటు ఉంటుంది, కళ్లెం కడ్డీ కూర్చునేది అక్కడ, ఉత్త చిగురు మీద. కాబట్టి మీరు లాగే ప్రతిసారీ ఆ చిగురు మీద ఇనుము నొక్కుతోందని గుర్తుంచుకోండి. ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అని కఠోపనిషత్తు చెప్పింది కదా, ఆ పగ్గం బిగుసుకున్న పిడికిట్లో ఉంటే బండి నడవదు. అలాగని పూర్తిగా వదిలేయడమూ కాదు, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని ఊరికే అనలేదు. చిన్న పిట్టని పట్టుకున్నంత పట్టు చాలు. ఆపాలంటే చేతులకంటే ముందు వీపు నిటారు చేసి, బరువు కిందికి దించి, గాలి వదలండి, చాలా గుర్రాలు దానికే ఆగుతాయి. ఆగలేదా, అప్పుడు లాగి, ఆగిన మరుక్షణం వదలండి. ఆ వదలడమే దానికి మనం ఇచ్చే జీతం.

మొదటి రోజు నడక చాలు. చూపు గుర్రం మెడ మీద కాదు, మీరు వెళ్లాల్సిన చోట ఉండాలి, మడమలు కిందికి. నడక తర్వాతది ట్రాట్, అందులో ఒళ్లంతా కుదిపేస్తుంది, ఒకటీ రెండూ అనుకుంటూ లయకి లేస్తూ కూర్చుంటే నడుము బతుకుతుంది. దౌడు సంగతి తర్వాత చూసుకుందాం. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అన్నది 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి తేల్చేదాకా కంటితో ఎవరూ తేల్చలేకపోయారు. ఉంటాయి, కానీ చిత్రకారులు వేసినట్టు కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. జేమ్స్ వాట్ లెక్కేసిన ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లు, అది గుర్రం గంటల తరబడి చేసే పని లెక్క. కాసేపటికి అయితే అదే గుర్రం పదిహేను అశ్వశక్తుల దాకా తీయగలదు. మీ కింద ఉన్నది ఆ ఇంజను, దానికి బెదురు కూడా ఉంది.

ఒకవేళ బెదిరి పరుగందుకుంటే అరవకండి, ముందుకి వంగి మెడ కావలించుకోకండి, రెండూ దానికి ఇంకా పరిగెత్తమని చెప్పినట్టే. వెనక్కి కూర్చుని, ఒక పగ్గం పట్టి మెల్లిగా వలయంలోకి తిప్పండి, వలయం చిన్నదయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది. పడిపోతున్నాను అనిపిస్తే ముందు రికాబులోంచి కాళ్లు తీసేయండి.

దిగాక తాళం చెవులు జేబులో వేసుకుని వెళ్లిపోవడానికి ఇది బండి కాదు. ఓ పావుగంట నడిపించి చల్లబరచాలి, జీను తీసి చెమట పట్టిన చోట రుద్దాలి, డెక్కల్లో రాళ్లు ఉన్నాయేమో చూడాలి, నీళ్లు పెట్టాలి. కురుక్షేత్రంలో జయద్రథుడి కోసం పరుగుపెడుతున్న రోజున, పొద్దు వాలిపోతుంటే, అర్జునుడు బాణంతో నీళ్లు తెప్పిస్తే కృష్ణుడు యుద్ధం మధ్యలో గుర్రాలని విప్పి, గుచ్చుకున్న బాణాలు తీసి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించాడు. అంత తొందర మీకూ నాకూ ఉండదు కదా.

మళ్లీ వెళ్లినప్పుడు అదే గొంతుతో, అదే వైపునుంచి వెళ్లండి. గుర్రం మనిషిని ఏళ్లపాటు గుర్తుపెట్టుకుంటుంది, మంచైనా చెడైనా. నలుడు బాహుకుడిగా రూపం మారి రథం తోలుకుంటూ విదర్భకి వచ్చినప్పుడు, అక్కడున్న అతని పాత గుర్రాలు ఆ రథం చప్పుడు విని పాతరోజుల్లోలాగే సంబరపడ్డాయని భారతంలో ఉంది. మిమ్మల్ని చూసి గుర్రం తలెత్తి, నోరు తెరవకుండా గొంతులో సన్నగా గురగురలాడితే, అది సకిలింపు కాదు, దాణా తెచ్చేవాళ్లనీ తెలిసినవాళ్లనీ పలకరించే శబ్దం. అయినా సరే, గొడుగు మాత్రం దాని పక్కన తెరవకండి.