ఆవుని కట్టే ముడితో చెట్టెక్కకండి

సెప్టెంబరు సగం అయ్యిందంటే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అందరికీ ఒకటే తుపాను టెన్షన్. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుపాన్లూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. తిత్లీ అయితే సరిగ్గా పలాస వైపే వచ్చింది. అందుకే ఈ పది పదిహేను రోజుల్లో ఇంటి మీదకి వంగిన పనస కొమ్మలు, రేకుల షెడ్డు పక్కనున్న మామిడి కొమ్మలు నరికించేద్దామని అందరూ చెట్లెక్కుతారు. రోజూ ఎక్కేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. ఏడాదికి ఒకసారి కత్తి పట్టుకుని ఎక్కే నాలాంటి వాళ్ల కోసమే ఇది.

నా సంగతే చెప్తాను. నాలుగేళ్ల కిందట పెరట్లో పనస ఎక్కి, నడుముకి నైలాన్ తాడు కట్టుకుని, రెండో కొస పై కొమ్మకి కట్టాను. కింద నిలబడ్డ మా పెదనాన్న పైకి చూసి "ఏటిరా బావూ, ఆవుని కట్టినట్టు కట్టేసావు?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. పది నిమిషాల్లో కాలు జారింది. కొమ్మ దగ్గర ముడి ఊడలేదు గానీ, నడుం దగ్గర వేసింది జారుముడి కదా, బిగిసిపోయి పక్కటెముకల దాకా పాకింది. కాలికి ఇంకో కొమ్మ అందింది కాబట్టి బతికిపోయాను.

తర్వాత ఆలోచిస్తే పెద్దాయన మాటలో విషయం ఉంది. మనకి చేతికి అలవాటైన ముడి పశువుని గుంజకి కట్టేదే. శాలకి నిప్పంటుకున్నా, ఆవు బెదిరినా ఒక్క లాగుతో ఊడిరావాలి, అది ఆ ముడి గుణం. చెట్టు మీద మనకి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం: కదిలినా, వదులైనా, మళ్లీ బిగిసినా ఊడకూడదు, మనిషి మీద బిగుసుకోనూ కూడదు.

కాబట్టి నేర్చుకోవలసింది ఒక్కటే ముడి అంటే నేను ఎనిమిది ముడి అంటాను. కొస నుంచి ఒక మీటరు వదిలి తాడుని మడిచి కన్నం చేయండి, కొసని అసలు తాడు చుట్టూ ఒకసారి తిప్పి ఆ కన్నంలో దూర్చండి, 8 అంకెలాగా కనిపిస్తుంది. ఇప్పుడు కొసని ఒంటికి కట్టుకున్న సేఫ్టీ బెల్టు (దాని సంగతి కింద చెప్తాను) రింగులో దూర్చి బయటికి తీసి, వచ్చిన దారినే పక్కపక్కన నడిపిస్తూ మొత్తం 8ని రెండోసారి గీసినట్టు వెనక్కి తీసుకెళ్లండి. బిగించాక లెక్కపెట్టండి, ఐదు చోట్ల తాళ్లు జంటగా కనిపించాలి. నాలుగే ఉంటే విప్పి మళ్లీ వేయండి, సిగ్గుపడక్కర్లేదు, నేను ఇప్పటికీ మూడుసార్లలో ఒకసారి తప్పుతాను. చివర జానెడు కొస మిగలాలి. చాలామంది ముడి బాగానే వేస్తారు గానీ కొస రెండు అంగుళాలు వదిలి ఎక్కేస్తారు, పని చేస్తూ కదులుతుంటే అది మెల్లగా లోపలికి జారిపోతుంది.

బౌలిన్ అని బిగుసుకోని ఉచ్చు వేసే ముడి కూడా మంచిదే, తేలిగ్గా విప్పొచ్చు, కానీ బరువు లేనప్పుడు ఊగులాటకి వదులవుతుంది. దాని కొసకి ఇంకో ముడి వేయకుండా వాడకండి.

తాడు పొడవు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ ప్రూసిక్ అని ఒక చుట్టుముడి ఉంది, 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా కొండలెక్కే మనిషి చెప్పాడు. 12 ఎంఎం తాడు మీద 8 ఎంఎం తాడుతో చేసిన ఉచ్చుని మూడు చుట్లు తిప్పుతారు. బరువు పడితే పట్టుకుంటుంది, వదిలితే జరుగుతుంది. రెండు తాళ్లూ ఒకే లావైతే సరిగ్గా పట్టదు. ఇంకో సంగతి, జారినప్పుడు భయంతో చెయ్యి వెళ్లి ఆ ముడినే పట్టుకుంటుంది, అలా పట్టుకుంటే అది బిగియదు, మనతోపాటు జారుతుంది.

నడుముకి ఒట్టి తాడు మాత్రం వద్దు. దానితో వేలాడితే నిమిషాల్లోనే ఊపిరి ఆడదు. తొడలకి, భుజాలకి పట్టీలున్న బెల్టు కొనండి, లోపల ఐఎస్ 3521 (ఇలాంటి బెల్టులకి భారత ప్రమాణం నంబరు) అని ముద్ర ఉందో లేదో చూడండి. కట్టుకున్నాక ముందు మీటరు ఎత్తులో మొత్తం బరువు వేసి వేలాడి చూడండి.

పైకెళ్లాక తాడు రెండో కొసని మీ నడుముకన్నా ఎత్తులో ఉన్న కొమ్మకి కట్టాలి, వదులు ఉండకూడదు. వదులు ఉన్నంత మేరా పడి, సాగని తాడు మీద ఒక్కసారి ఆగితే నడుము విరగొచ్చు. కొమ్మ దాటాలంటే ముందు రెండో తాడు కట్టాకే మొదటిది విప్పండి. కత్తి వాడే చోట రెండు తాళ్లూ ఉండాల్సిందే, ఒకటి పొరపాటున తెగితే రెండోది ఉంటుంది. కొబ్బరికి కొమ్మలుండవు కాబట్టి తాడు మొదలుదాకా జారిపోతుంది, మానుకి రెండు చుట్లు వేసి బిగించాలి. అది రానివాళ్లు కొబ్బరి జోలికి పోవద్దు.

ఇక మునగ. పొగిడితే మునగచెట్టు ఎక్కుతాడంటారు గానీ, నిజంగా దాన్ని ఎక్కితే ఎంత మంచి ముడైనా విరిగే కొమ్మకే కట్టి ఉంటుంది. నిచ్చెన వేసుకోండి. పక్కన కరెంటు తీగ ఉంటే మీరు ఎక్కవద్దు, తడిసిన తాడులోంచి కూడా షాక్ కొడుతుంది. లైన్‌మ్యాన్‌ని పిలిచి లైను ఆపించాకే.

తాడు ఎండలో వదిలేస్తే పాడవుతుంది, ముఖ్యంగా పసుపు, నీలం ప్లాస్టిక్ తాళ్లు. వంచితే పోగులు పొడిగా రాలుతున్నా, ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా తగులుతున్నా పక్కన పడేయండి. మంచి తాడైనా ముడి దగ్గర బలం నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. నైలాన్ తడిస్తే ఇంకొంచెం పోతుంది, కాబట్టి చినుకులు పడుతుంటే ఆ రోజు మానేయండి. కింద ఒక మనిషి తప్పకుండా ఉండాలి, ఫోను అతని చేతిలో ఉండాలి, 108కి దారి చెప్పగలిగినవాడై ఉండాలి. చెట్టు మొదట్లో మాత్రం నిలబడకూడదు.

ఈ తాడుని వేరేగా ఉంచండి, బావికీ ఆవుకీ వాడకండి. మా ఇంట్లో కొసలకి ఎర్ర పెయింటు వేసి అటక మీద పెట్టాను. అయినా మొన్న సంక్రాంతికి మా తమ్ముడు దాంతోనే గొర్రెని కట్టేశాడు, కొత్తది కొనాల్సి వచ్చింది.