బ్లాక్‌చెయిన్ డొమైన్ పేరు ఎలా తీసుకోవాలి? తీసుకున్నాక అది ఎక్కడ మొరాయిస్తుంది?

డాట్ ఈత్ (.eth)తో ముగిసే పేరొకటి కొని, మామూలు బ్రౌజర్‌లో టైపు చేసి ఎంటర్ నొక్కితే సైటు రాదు, సెర్చ్ ఫలితాలు వస్తాయి. పేరులో తప్పేమీ లేదు. ఏ పేరు ఎక్కడుందో చెప్పే డీఎన్‌ఎస్‌కు పైన ఒక మూల జాబితా ఉంటుంది, దాని బాధ్యత ఐకాన్ సంస్థది. డాట్ కామ్ అందులో ఉంది, డాట్ ఈత్ లేదు. డాట్ ఈత్ పేర్లు ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లు కలిసి ఉంచుకునే ఉమ్మడి చిట్టా) మీది కాంట్రాక్టుల్లో, అంటే అక్కడే నడిచే ప్రోగ్రాముల్లో ఉంటాయి. అక్కడ వెతకాలని చాలా బ్రౌజర్లకు తెలియదు.

అందుకే కొనేముందు ఆ పేరు దేనికో తేల్చుకోండి. క్రిప్టో డబ్బు తాళాలు ఉంచుకునే వాలెట్‌కు సున్నా, ఎక్స్‌లతో మొదలయ్యే 42 అక్షరాల చిరునామా ఉంటుంది, దానికి బదులు వాడుకోవడానికైతే ఇది నిజంగా పనికొస్తుంది. వెబ్‌సైటుకైతే అరకొరగా పనిచేస్తుంది. ఈమెయిల్ కోసమైతే ఆశ వదులుకోండి.

ఏ వ్యవస్థ?

2011లో వచ్చిన నేమ్‌కాయిన్ ఈ దారిలో మొదటిది, దాని పేర్లు డాట్ బిట్‌తో ముగుస్తాయి. ఇథీరియం నేమ్ సర్వీస్, అంటే ఈఎన్‌ఎస్, 2017 మేలో మొదలైంది. హ్యాండ్‌షేక్ 2020లో వచ్చింది. అన్‌స్టాపబుల్ డొమైన్స్ చాలా పేర్లను ఒక్కసారి డబ్బు తీసుకుని, ఏటా రెన్యువల్ లేకుండా ఇస్తుంది. రెన్యువల్ లేదనగానే అటు మొగ్గకండి. అదే సంస్థ 2022లో డాట్ కాయిన్ పేర్లను ఆపేసింది, ఎందుకంటే ఎమర్‌కాయిన్ అనే మరో వ్యవస్థ అదే ఎక్స్‌టెన్షన్‌ను అంతకుముందే వాడుతోంది. అందరికీ కలిపి ఒకే జాబితా లేనప్పుడు ఒకే పేరును ఇద్దరు అమ్మడం జరుగుతుంది, ఎవరిది అసలో చెప్పే పెద్ద ఎవరూ ఉండరు. వాలెట్లలో ఎక్కువగా పనిచేసేది ఈఎన్‌ఎస్ కాబట్టి కింది మెట్లు దానికే రాస్తున్నాం.

వాలెట్

పేరు మీ వాలెట్‌లో ఒక ఎన్‌ఎఫ్‌టీగా, అంటే యజమాని ఎవరో చెయిన్ మీద చూపే టోకెన్‌గా ఉంటుంది. వాలెట్ తెరిచే 12 లేదా 24 పదాలు పోతే పేరూ పోయినట్టే. ఐడీ చూపించి తిరిగి తెచ్చుకునే కౌంటరు ఎక్కడా లేదు. ఆ పదాలు కాగితం మీద రాసి రెండు చోట్ల దాచండి, ఫొటో తీయకండి. ఈఎన్‌ఎస్‌లో యజమాని, మేనేజర్ అని రెండు హోదాలు వేరువేరుగా ఉంటాయి. యజమాని హోదాను హార్డ్‌వేర్ వాలెట్‌కు (తాళాలను విడిగా దాచే చిన్న పరికరం), రోజువారీ మార్పులు చేసే మేనేజర్ హోదాను ఫోన్‌లోని వాలెట్‌కు ఇవ్వడం మంచి ఏర్పాటు. ఫోన్ వాలెట్ దొంగల పాలైతే రికార్డులు మారొచ్చు గానీ పేరు చేయి జారదు.

రిజిస్ట్రేషన్

పేరులో కనీసం మూడు అక్షరాలు ఉండాలి. అయిదు, అంతకుమించి ఉంటే ఏడాదికి 5 డాలర్లు, నాలుగైతే 160, మూడైతే 640. చెల్లింపు ఇథీరియం నాణెం ఈథర్‌లో, లావాదేవీ నమోదుకు నెట్‌వర్క్ తీసుకునే గ్యాస్ ఫీజు అదనం. ఒక్కోరోజు పేరు ధరకంటే గ్యాసే ఎక్కువవుతుంది, కాబట్టి నెట్‌వర్క్ రద్దీ తగ్గినప్పుడు చేయండి. ఎన్నేళ్లకు కట్టినా గ్యాస్ దాదాపు అంతే, కనుక రెండు మూడేళ్లకు ఒకేసారి కడితే లాభం.

రిజిస్ట్రేషన్‌కు రెండు లావాదేవీలు చేయాలి, మధ్యలో నిరీక్షణ. మొదటి లావాదేవీలో పేరు బయటపడదు. పేరునూ ఒక రహస్య సంఖ్యనూ కలిపి చేసిన హ్యాష్ (వెనక్కి విప్పలేని గుర్తు) మాత్రమే చెయిన్ మీదికి వెళుతుంది. కనీసం 60 సెకన్లు ఆగాక రెండో లావాదేవీలో అసలు పేరు చెప్పి డబ్బు కట్టాలి. నేరుగా పేరుతోనే వెళితే, వరుసలో ఉన్న మీ లావాదేవీని చూసినవాడు ఎక్కువ గ్యాస్ పెట్టి మీకంటే ముందే దాన్ని ఎగరేసుకుపోగలడు. ఈ నిరీక్షణ అందుకే. తప్పులు జరిగేదీ ఇక్కడే: నిమిషం కదా అని టీకి వెళ్లి మర్చిపోతారు, 24 గంటలు దాటితే మొదటి లావాదేవీ చెల్లదు, దానికి పెట్టిన గ్యాస్ వృథా. మధ్యలో బ్రౌజర్ డేటా తుడిచేసినా రహస్య సంఖ్య పోయి, మళ్లీ మొదటికొస్తారు.

రికార్డులు

పేరు కొనగానే డబ్బు వచ్చి పడదు. ముందు ఈథర్ చిరునామా రికార్డు సరిచూసుకోండి, కావాలంటే బిట్‌కాయిన్ వంటివీ చేర్చండి. తర్వాత "ప్రైమరీ నేమ్" పెట్టండి. రికార్డు పేరు నుంచి చిరునామాకు దారి చూపితే, ప్రైమరీ నేమ్ చిరునామా నుంచి పేరుకు చూపుతుంది. ఇది పెట్టకపోతే యాప్‌లలో మీ పేరు కనిపించదు, "కొన్నాను గానీ రావడం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. క్రిప్టో కొని అమ్మే ఎక్స్చేంజ్ ఇచ్చిన డిపాజిట్ చిరునామాను రికార్డుగా పెట్టకండి, అది మారిపోవచ్చు. ముందు చిన్న మొత్తం పంపి చూడండి.

ఒక హెచ్చరిక: పేరు తెలిసినవారెవరైనా ఆ వాలెట్‌లో ఎంతుందో, ఎవరికి పంపారో చూడగలరు. పొదుపంతా ఉన్న వాలెట్‌కు పేరు తగిలించొద్దు.

వేరేవాళ్ల దగ్గర పేరు కొన్నారా? ఎన్‌ఎఫ్‌టీ మీ చేతికి వచ్చినా పాత రికార్డులు అలాగే ఉండొచ్చు. మేనేజర్ హోదా మీ పేరిట మార్చుకుని చిరునామా రికార్డు తిరగరాసే దాకా, ఆ పేరుకు పంపిన డబ్బు పాత యజమానికే చేరుతుంది.

వెబ్‌సైటు

సైటు ఫైళ్లను ఐపీఎఫ్‌ఎస్‌లో (ఫైళ్లను చాలా కంప్యూటర్లు పంచుకునే నెట్‌వర్క్) పెట్టి, వచ్చిన హ్యాష్‌ను "కంటెంట్ హ్యాష్" రికార్డులో రాయాలి. పిన్నింగ్ సర్వీస్ ఏదైనా ఆ ఫైళ్లను నిలిపి ఉంచాలి, లేకపోతే పేరు ఉంటుంది, సైటు మాయమవుతుంది. ఒక్క కామా మార్చినా హ్యాష్ మారుతుంది, కొత్త హ్యాష్ రాయడానికి మళ్లీ గ్యాస్. తరచూ మార్చే సైటైతే స్థిరమైన చిరునామా ఇచ్చే ఐపీఎన్‌ఎస్ వాడండి.

చూసేవారికి రెండు దారులున్నాయి: డాట్ ఈత్ పేర్లను గుర్తించే బ్రౌజర్, లేదా పేరు చివర డాట్ లిమో చేర్చి గేట్‌వే ద్వారా, అంటే మామూలు వెబ్‌కు సైటును అందించే మధ్యవర్తి సర్వర్ ద్వారా. గేట్‌వే సులువే గానీ, దాన్ని నడిపేవారు ఆపేస్తే సందర్శకులు ఆగిపోతారు. వికేంద్రీకరణ కోసం వచ్చి మళ్లీ ఒకరి తలుపు దగ్గరే నిలబడినట్టు. మూల జాబితాలో లేని పేర్లకు గుర్తింపు పొందిన సంస్థలు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఇవ్వవు. నేరుగా సర్వర్ పెట్టాలనుకునేవారికి అతి పెద్ద అడ్డంకి ఇదే.

గడువు

గడువు దాటాక రెన్యువల్‌కు 90 రోజులు అవకాశం ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే పేరు అందరికీ తెరుచుకుంటుంది, కానీ మొదటి 21 రోజులు మామూలు ధరపై అదనపు రుసుము ఉంటుంది. అది 10 కోట్ల డాలర్ల దగ్గర మొదలై రోజుకు సగం చొప్పున తగ్గుతుంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. రెన్యువల్ డబ్బు ఏ వాలెట్ నుంచైనా కట్టవచ్చు, హార్డ్‌వేర్ వాలెట్ బయటకు తీయక్కర్లేదు.

మామూలు డొమైన్ ఇప్పటికే ఉంటే

కొత్త పేరు కొనకుండా దాన్నే ఈఎన్‌ఎస్‌లోకి తేవచ్చు. చాలామందికి మా సలహా ఇదే. డొమైన్ అమ్మిన మీ రిజిస్ట్రార్ దగ్గర డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులకు డిజిటల్ సంతకం వేసే ఏర్పాటు) ఆన్ చేసి, ఈఎన్‌ఎస్ యాప్ చూపించే టీఎక్స్‌టీ (అక్షరాల రూపంలోని) రికార్డును యథాతథంగా డీఎన్‌ఎస్‌లో చేర్చండి. గ్యాస్ లేకుండానే పని అవుతుంది, సైటు, ఈమెయిల్ పాత పద్ధతిలోనే నడుస్తాయి, వాలెట్‌లో అదే పేరు పలుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: డీఎన్‌ఎస్ ఖాతా ఎవరి చేతికి చిక్కితే వాలెట్ చిరునామా వాళ్లు మార్చగలరు. ఆ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టాకే రికార్డు చేర్చండి.